పదహారడుగుల కార్న్‌వాల్

మా నాన్న రైల్వేలో స్టేషన్ మాస్టరు. నాకు ఊహ తెలిసేనాటికి మేం కంభంలో ఉన్నాం. గుంటూరు, గుంతకల్లు మధ్య అప్పట్లో మీటర్‌గేజి లైను. క్వార్టర్స్ వరండాలో నిలబడితే సిగ్నల్ స్తంభం కనపడేది. ముందు తీగ లాగిన చప్పుడు వినపడేది, ఆ వెంటనే ఎర్ర చెయ్యి కిందికి వాలేది. చెయ్యి వాలిందంటే బండి వస్తోందని లెక్క.

ఉద్యోగం కోసం బ్రిస్టల్ వచ్చాక చూస్తే, ఇంగ్లండులో చాలాచోట్ల సిగ్నల్ చెయ్యి పైకి లేచేది. నాకు అది ఎంతకీ అలవాటు కాలేదు. పాత గ్రేట్ వెస్ట్రన్ రైల్వే నడిచిన పడమటి ప్రాంతంలో మాత్రం కిందికి వాలే పద్ధతే ఉంచుకున్నారు. ఆ సంగతి తెలియకుండానే సెలవులకు ఆ పడమటి కొసనున్న కార్న్‌వాల్ వెళ్లి, లోస్ట్‌విథియల్ స్టేషన్లో గేటు దగ్గర నిలబడి ఉన్నాను. తీగ చప్పుడైంది. ఎర్ర చెయ్యి వాలింది. పక్కన మా అమ్మాయి ఏదో అడుగుతోంది, నా చెవికి ఎక్కలేదు.

ఒక లేఅవుట్ కట్టాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. లేఅవుట్ అంటే ఇళ్ల స్థలాలది కాదు. చెక్క బల్లల మీద పట్టాలు, స్టేషను, కొండలు, సిగ్నళ్లు అన్నీ ఒకే కొలతలో కట్టి, వాటి మీద బొమ్మ రైళ్లను నిజం బళ్లలా నడపడం. కట్టి పదిమంది ముందు నడపడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

మేం ఇప్పుడుంటున్న ఊళ్లో మోడల్ రైల్వే క్లబ్బు ఒకటుంటే చేరాను. అక్కడ ఒక పెద్దాయన, సిగ్నల్ క్యాబిన్‌లో లీవర్లు లాగి రిటైరైన మనిషి. నేను గీసుకెళ్లిన ప్లాను బల్ల మీద పరిస్తే దాని వంక కూడా చూడలేదు. "ఏ సంవత్సరం?" అన్నారు. డెబ్బైలు అన్నాను. "డెబ్బైలు అనేది సంవత్సరం కాదు. ఏ సంవత్సరమో తేల్చుకుని రండి" అన్నారు.

అప్పుడు కోపం వచ్చిన మాట నిజం. కానీ ఈ పనిలో నాకు దొరికిన సలహాల్లో అంతకన్నా విలువైనది లేదు. బ్రిటిష్ రైల్వేలో ఆవిరి ఇంజన్లు 1968 ఆగస్టులో ఆగిపోయాయి. ఆ తర్వాత అంతా డీజిలు, కరెంటే కదా అని పైకి అనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే ఏడాదికో రూపం. నాకెంతో ఇష్టమైన వెస్ట్రన్ డీజిల్ ఇంజన్లు, అంటే క్లాస్ 52లు, మొత్తం 74 కట్టారు. అవి 1977 ఫిబ్రవరితో వెళ్లిపోయాయి. నాకు కావలసిన ఇంకో రకం ఇంజను, క్లాస్ 37, కార్న్‌వాల్‌లో మట్టి బళ్లు లాగడానికి వచ్చింది డెబ్బైల చివర్లో. ఈ రెండూ పక్కపక్కన పెడితే చూడ్డానికి బాగుంటుంది, కానీ అబద్ధం. వెస్ట్రన్‌ను వదులుకోవడానికి ఒక నెల పట్టింది. చివరికి 1979 వేసవి దగ్గర ఆగాను. పాత క్లాస్ 25లు ఇంకా పోలేదు, 37లు అప్పుడే దిగాయి. ఇంజన్లన్నీ నీలం, ముఖాలు పసుపు. అందరూ ఒకే యూనిఫాం వేసుకున్నట్టు ఉంటుందని చాలామందికి ఆ నీలం కాలం నచ్చదు. నాకు మాత్రం ఆ యూనిఫాం మీద పడ్డ మురికిని బట్టి ఏ ఇంజను ఎంత కష్టపడిందో తెలియడమే అందం.

మట్టి అన్నాను. సెయింట్ ఆస్టెల్ చుట్టుపక్కల కొండల్లో తవ్వే చైనా క్లే, పింగాణీకి, కాగితం నునుపుకి వాడే తెల్ల మట్టి. దాన్ని రైళ్లలో తెచ్చి ఫోయీ రేవు దగ్గర కార్న్ పాయింట్‌లో ఓడలకెక్కించేవారు. లోస్ట్‌విథియల్ నుంచి ఆ రేవుకు వెళ్లే లైనులో మనుషుల బళ్లు 1965లోనే ఆగిపోయాయి, మట్టి బళ్లు మాత్రం ఆగలేదు. గనుల కడుగు నీళ్లు కలిసి సెయింట్ ఆస్టెల్ ఏరు తెల్లగా పారేదట. ఆ ఊరివాళ్లు దాన్ని తెల్ల ఏరనే పిలిచేవారు. అందుకే నా ఊహలోని చిన్న స్టేషనుకు పోల్‌గ్విన్ అని పేరు పెట్టుకున్నాను. కార్నిష్ భాషలో పోల్ అంటే మడుగు, గ్విన్ అంటే తెలుపు.

బొమ్మ రైళ్లలో నేను ఎంచుకున్న కొలత పేరు ఓఓ. అసలులో ఒక అడుగు ఇక్కడ 4 మిల్లీమీటర్లు, అంటే 76లో ఒక వంతు. పట్టాల మధ్య దూరం, అంటే గేజి, 16.5 మిల్లీమీటర్లు. మొదటి బల్ల మీద పట్టాలు పరిచిన రోజు వీడియో కాల్లో నాన్నకు చూపించాను. కాసేపు చూసి, "ఏరా, గేజి తగ్గిందేంటి? బండి ఒంటికి, పట్టాలకి పొంతన లేదు" అన్నారు. ఫోన్లో చూసి పట్టేశారు! లెక్క ప్రకారం అక్కడి 1435 మిల్లీమీటర్ల గేజికి ఇది 18.83 ఉండాలి. బ్రిటిష్ ఇంజన్లు ఒంట్లో చిన్నవి. ఈ కొలత పుట్టిన రోజుల్లో దొరికే మోటార్లు వాటిలో పట్టక, ఇంజనును కాస్త పెద్ద కొలతలో చేసి, పట్టాలు మాత్రం హెచ్‌ఓ అనే యూరప్ వాళ్ల చిన్న కొలతవే ఉంచేశారు. పంతం ఉన్నవాళ్లు సొంతంగా 18.83కే పట్టాలు కట్టుకుంటారు. నాకు అంత ఓపిక లేదు, బజారులో దొరికే బళ్లే కావాలి. నాన్న మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుతుంది. ఎదురుగా వంగి చూస్తే ఆ ఇరుకు నాకూ కనిపిస్తుంది.

బల్లలు, తీగల గురించి ఎక్కువ చెప్పను. నాలుగడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు ఉన్న ప్లైవుడ్ బల్లలు నాలుగు. మూడింటి మీద ఊరు, నాలుగోది ఫిడిల్ యార్డ్, అంటే తెర వెనుక బళ్లు ఆగి తమ వంతు కోసం చూసే చోటు. ఆ నాలుగోదే బండి పొడవును నిర్ణయిస్తుంది. ఒక ఇంజను, దాని వెనుక పదకొండు వ్యాగన్లు, అంతకు మించి పట్టవు. కంకర చల్లి, నీళ్లు కలిపిన జిగురులో ఒక చుక్క గిన్నెలు కడిగే సబ్బు వేసి డ్రాపర్‌తో పోయాలి. సబ్బు లేకపోతే జిగురు కంకరలోకి ఇంకదు, పైన ముత్యంలా నిలబడి దొర్లిపోతుంది. ఈ ఒక్క పనికే ఒక శీతాకాలం పోయింది.

నా మనసంతా వ్యాగన్ల మీదే ఉండేది. చెక్క పలకల ఒంటి మీద 1974 నుంచి ఇనప కమ్మీ ఒకటి బిగించి, దాని మీదుగా నీలం టార్పాలిన్ గుడారంలా కప్పేవారు. క్లే హుడ్స్ అని వాటి పేరు. కొన్నప్పుడు పదకొండూ కవల పిల్లల్లా ఉన్నాయి. పాత ఫోటోలు ముందు పెట్టుకుని ఒక్కొక్కటే మురికి చేశాను. మొదటిదానికి తెల్ల రంగు పూస్తే సున్నం కొట్టిన గోడలా వచ్చింది. తప్పు ఎక్కడో అర్థమవడానికి చాలా రోజులు పట్టింది. మట్టి అక్కడ రంగులా అంటుకోదు, వాన నీటితో జారి ఆరిపోతుంది. అందుకని తెల్ల పొడిని బొటనవేలు, చూపుడువేలు మధ్య తీసుకుని, మా అమ్మ ముగ్గు వేసినట్టు టార్పాలిన్ నడికప్పు మీద సన్నగా రాల్చాను. తర్వాత తడి బ్రష్షును పైనుంచి కిందికి ఒక్కసారే లాగాను. పొడి మడతల్లోకి జారి, అంచు దగ్గర గీతలా నిలిచింది. పలకల సందుల్లో బూడిదరంగు, చక్రాల దగ్గర బ్రేకు దుమ్ముకు ఇటుక రంగు. ఒకదానికి టార్పాలిన్ కొత్తది, ముదురు నీలం. ఇంకోదానికి వెలిసి ఆకాశం రంగుకు వచ్చింది. పదకొండూ అయ్యేసరికి ఏ వ్యాగన్ ఏదో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి.

క్లబ్బులో పోల్‌గ్విన్ నడుస్తుండగా చూసిన ఒక ఎగ్జిబిషన్ నిర్వాహకుడు కాగితం ఒకటి చేతిలో పెట్టి, నింపి పంపమన్నారు. లేఅవుట్ పొడవు వెడల్పులు, నడిపేవాళ్లు ఎందరు, వ్యాన్ అద్దె ఎంత, ఇన్సూరెన్స్‌కు విలువ ఎంత వేయాలి, కరెంటు సామాను పరీక్ష చేయించారా, రాత్రి బస ఎందరికి. అది నింపుతున్నప్పుడు కానీ నాకు తెలియలేదు, ఇంట్లో నడిచే లేఅవుట్ వేరు, ఎగ్జిబిషన్లో నడిచేది వేరు అని. ఇంట్లో పట్టా తప్పితే చేత్తో ఎత్తి పెట్టేస్తాం. అక్కడ రెండు రోజులు, రోజుకు ఏడు గంటలు, జనం మోచేతులానించి చూస్తుంటే నడవాలి. కంచె దగ్గర నిలబడ్డ మనిషి అర నిమిషం లోపు ఏదీ కదలకపోతే పక్క లేఅవుట్‌కు వెళ్లిపోతాడు.

అలాగని వేగంగా తోలకూడదు. పెద్దాయన ఒక రోజు స్టాప్‌వాచ్ తెచ్చారు. మట్టి బండి గంటకు 20 మైళ్లతో పోతుందనుకుంటే, మన కొలతలో సెకనుకు దాదాపు 12 సెంటీమీటర్లు. మూడు బల్లలు దాటడానికి అర నిమిషం పట్టాలి. నేను పది సెకన్లలో దాటిస్తున్నాను. చెయ్యి అదుపులోకి రావడానికి వారాలు పట్టింది. అలా నెమ్మదిగా పోతుంటేనే బండికి బరువు వస్తుంది.

నాన్న ఆ వేసవికి మా దగ్గరికి వచ్చారు. ఫిడిల్ యార్డ్‌కు, స్టేషనుకు మధ్య బ్లాక్ గంట పెట్టాం, అంటే ఒక స్టేషను నుంచి పక్క స్టేషనుకు బండి కబురు చెప్పే గంట. గంట కొట్టి అడగనిదే బండి పంపకూడదన్నది పెద్దాయన నియమం. ఫిడిల్ యార్డ్ నాన్నకు అప్పగించాం. చిక్కల్లా కోడ్‌లోనే వచ్చింది. బండి సెక్షన్‌లోకి, అంటే రెండు స్టేషన్ల మధ్య లైనులోకి, ప్రవేశించిందనడానికి మన దగ్గర మూడు కొడతారు, అక్కడ రెండు. సెక్షన్ దాటిపోయిందనడానికి మనవి నాలుగు, వాళ్లవి రెండు కొట్టి, ఆగి, ఒకటి. ముప్ఫై ఏళ్లు కొట్టిన చెయ్యి మూడోది కొట్టకుండా ఆగదు. నాన్న ఒక చీటీ మీద తెలుగులో రాసుకుని గంట పక్కన అంటించుకున్నారు. ప్రమాదం, బండి పంపొద్దు అనడానికి మాత్రం రెండు చోట్లా ఆరే. అది తెలిసినప్పుడు నాన్న, పెద్దాయన ఒకరి మొహం ఒకరు చూసుకుని తలూపారు. మధ్యలో నా అనువాదం అక్కర్లేకపోయింది.

ఎగ్జిబిషన్ మొదటి రోజు, శనివారం ఉదయం బల్లలు కలిపి మొదటి బండి పంపితే, రెండో బల్ల మూడో బల్ల కలిసేచోట మూడో వ్యాగన్ పడింది. మళ్లీ పంపితే మళ్లీ అదే చోట. వ్యాన్ దించేటప్పుడు పట్టా కొస దేనికో తగిలి వంగింది. కింద టంకం పెట్టిన రాగి స్లీపరు ఊడింది. తలుపులు పదింటికి తీస్తారు, అప్పటికి పది నిమిషాల తక్కువ పది. నా చేతులు వణుకుతున్నాయి. పెద్దాయన సోల్డరింగ్ ఐరన్ నా చేతిలో పెట్టి, తాను కంచె దగ్గరికి వెళ్లి, వచ్చిన పిల్లలకు ఏం జరుగుతోందో చెప్పడం మొదలుపెట్టారు. పట్టా సరిచేసి, పాత టంకం తీసి, కొత్తది పెట్టి, చల్లారేదాకా చెక్క ముక్కతో నొక్కి పట్టుకుని, వేలితో అతుకు తడిమి చూశాను. టైము పదకొండు దాటాక నాన్న గంట రెండుసార్లు కొట్టారు. పదకొండు వ్యాగన్లూ ఆ అతుకు మీదుగా చప్పుడు లేకుండా దాటాయి.

మధ్యాహ్నం ఒక ముసలాయన చాలాసేపు నిలబడ్డారు. కార్న్‌వాల్‌లో డ్రైవరుగా పనిచేశారట. మట్టి వ్యాగన్లను చూసి ఏమీ అనలేదు, అదే పెద్ద మెప్పుగా అనిపించింది. తర్వాత క్లాస్ 25ను చూపించి, "ఇది ఏ ఏడు?" అని అడిగారు. చెప్పాను. "అయితే ఇంజను నుదుటి మీద ఆ బండి నంబరు కోడ్ ఉండకూడదు. 1976లో ఆ నంబర్లు చూపించడం ఆపేశాం. ముందు నాలుగు సున్నాలు పెట్టారు, తర్వాత నల్ల పలక మీద రెండు తెల్ల చుక్కలు" అన్నారు. ఆయన గొంతులో తప్పు పట్టిన ధోరణి లేదు. ఆ నంబర్లు మార్చడానికి తన చేత్తో తిప్పిన రోలర్ల సంగతి చెబుతున్నారు, అంతే.

వెస్ట్రన్‌ను వదులుకుని మరీ సంవత్సరం తప్పకూడదనుకున్నవాణ్ణి, ఇది ఎలా వదిలేశానో! ఆ రాత్రి బసలో బల్ల దీపం కింద ఇంజను పడుకోబెట్టి, నల్ల కాగితం కోసి పలక మీద అంటించాను. నాన్న పళ్లపుల్ల కొస చెక్కి ఇచ్చారు. తెల్ల రంగులో ముంచి, ఊపిరి బిగబట్టి, ఒక చుక్క. ఆరనిచ్చి రెండోది. అటు తిప్పి మళ్లీ రెండు. నాలుగు చుక్కలకు గంట పట్టింది.

ఆదివారం ఆ ముసలాయన రాలేదు. వస్తారేమోనని క్లాస్ 25ను రోజంతా స్టేషన్ ముందు లైన్లోనే ఉంచాను. మా అమ్మాయి మాత్రం కంచె దగ్గర చేరి, వచ్చినవాళ్లందరికీ ఆ చుక్కల కథ చెప్పింది.

నాలుగున్నరకు జనం పలచబడ్డారు. ఆఖరి మట్టి బండి తెర వెనక్కి వెళ్లింది. సిగ్నల్ క్యాబిన్ మూసేటప్పుడు అక్కడ కొట్టే కోడ్ ఒకటుంది, ఏడు, అయిదు, అయిదు. పెద్దాయన స్టేషన్ వైపు గంట దగ్గర నిలబడి నాన్నకు సైగ చేశారు. నాన్న చీటీ చూసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కొక్కటే లెక్కపెట్టి కొట్టారు. పెద్దాయన అంతే నెమ్మదిగా పదిహేడూ తిరిగి కొట్టారు. నేను సిగ్నల్ చెయ్యి పైకెత్తి, స్విచ్చి ఆపాను.