థైరాయిడ్‌కి కెల్ప్ మాత్రలా? కాస్త ఆగండి

అమీర్‌పేటలో ఉండే మా పిన్ని, "సముద్రపు నాచేగా, ఏం చేస్తుందిలే" అంటూ కెల్ప్ మాత్రల డబ్బా కొనుక్కొచ్చింది, రోజూ పరగడుపున థైరాక్సిన్ (థైరాయిడ్ తక్కువైనవాళ్లకిచ్చే మందు) వేసుకునే మనిషి! డబ్బా తిప్పి చూస్తే అయోడిన్ ఎంతుందో ఎక్కడా రాయలేదు. అసలు చూడాల్సిందే అది. పెద్దవాళ్లకు రోజుకి 150 మైక్రోగ్రాములు చాలు, మనం కూరల్లో వేసే అయోడైజ్డ్ ఉప్పుతోనే చాలావరకు అందుతుంది. కెల్ప్‌లో మాత్రం రకాన్ని బట్టి, పెరిగిన చోటుని బట్టి ఎంతైనా ఉండొచ్చు, ఎక్కువైతే థైరాయిడ్ మందగించొచ్చు, కొందరిలో ఉల్టా జోరెక్కి గుండెదడ మొదలవుతుంది. నాచు మొత్తం చెడ్డదనడం లేదు, పీచు ఉంటుంది, అయోడిన్ నిజంగా తక్కువైనవాళ్లకు పనికొస్తుంది, జపాన్ వంటకం సుషీకి చుట్టే నోరి అనే నాచులో అయోడిన్ తక్కువే. హిజికి అనే నాచు జోలికి మాత్రం పోకండి, అందులో ఆర్సెనిక్ ఎక్కువ. గర్భిణులు, రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఈ మాత్రలు ముట్టుకోవద్దు.