ఎడమ ఛానెల్ మళ్లీ తగ్గింది: బ్యాలెన్స్ పాట్‌తో నాలుగో ప్రయత్నం

నిన్న రాత్రి పదకొండు గంటలకు గెలిచాననుకున్నాను. ఈ రోజు మధ్యాహ్నం నల్లగొండ ఎండకు మేడ మీది గది కాగిపోయేసరికి ఘంటసాల గొంతు మళ్లీ కుడి స్పీకర్ వైపు జరిగిపోయింది. అది మోనో రికార్డింగ్, అంటే రెండు స్పీకర్లకూ ఒకే ధ్వని వెళ్తుంది. ఆ గొంతు రెండు స్పీకర్ల నడుమ, గోడ గడియారం కిందే నిలవాలి. ఎంత ఉక్రోషం వచ్చిందో!

దేవరకొండ బాబాయి ఇచ్చిన ఈ ఆంప్లిఫయర్‌లో మిగతా పనులన్నీ అయిపోయాయి. ఫిల్టర్ కెపాసిటర్లు మార్చాను, హమ్ (గుంయ్‌మనే మోత) పోయింది. మిగిలింది బ్యాలెన్స్ పాట్ ఒక్కటే, అంటే ఎడమ కుడి స్పీకర్ల ధ్వనిని సరిచూసే నాబ్ కింది పొటెన్షియోమీటర్.

ఇన్‌పుట్ తీగలు అటూ ఇటూ మార్చినా లోపం ఎడమ ఛానెల్‌నే పట్టుకుని ఉంది. ఫోన్‌తో 100 హెర్ట్జ్ టోన్ పంపాను (నా మీటరు వెయ్యి హెర్ట్జ్ దగ్గర సరిగ్గా చూపదు). పాట్‌లోకి వెళ్లేది రెండు వైపులా 210 మిల్లీవోల్టులు. నాబ్ నడిమధ్య ఉంచితే వైపర్ (నాబ్‌తో పాటు పూత మీద జరిగే, ధ్వని బయటికి వచ్చే కొన) దగ్గర కుడివైపు 209, ఎడమవైపు 72! ఎడమ ఇన్‌పుట్ కాలినీ వైపర్‌నూ క్లిప్పు తీగతో కలపగానే అక్కడా 209 వచ్చింది.

మొదట మురికి అనుకున్నాను. డీఆక్సిట్ (కాంటాక్టులు శుభ్రం చేసే ద్రవం) వేసి యాభైసార్లు తిప్పితే రెండు రోజులు బాగా పాడింది. (డబ్బులెక్కువైనా నాకు ఇదే నమ్మకం. తుప్పు వదిలించే స్ప్రేలు పాట్‌లో కొట్టకండి, కార్బన్ పూత పాడవుతుంది.) తర్వాత కెపాసిటర్ లీకేజీ అనుకున్నాను. కెపాసిటర్ లీకైతే వైపర్ మీద డీసీ వోల్టేజి కనిపించాలి. ఉన్నది 0.3 మిల్లీవోల్టులే, అదీ కాదు. టంకాలు మళ్లీ వేశాను, మార్పు లేదు.

చివరికి పాట్‌ను బోర్డు నుంచి ఊడదీసి కొలిచాను. 100 కిలో ఓమ్‌ల ఎంఎన్ టేపర్ ఇది, అంటే నాబ్ మధ్యలో ఉన్నప్పుడు రెండు ఛానెళ్లూ తగ్గకుండా పూర్తిగా వచ్చే రకం. నాబ్ మధ్యలో ఉంటే ఇన్‌పుట్ కాలికీ వైపర్‌కూ మధ్య దాదాపు సున్నా రావాలి. కుడి గ్యాంగ్‌లో (పాట్‌లో ఒక్కో ఛానెల్‌కు ఒక్కో గ్యాంగ్, అంటే విడి భాగం) 4 ఓమ్‌లు, ఎడమలో 95 కిలో ఓమ్‌లు. కాలి నుంచి రివిట్టు తల దాకా 0.3 ఓమ్. రివిట్టు తల నుంచి పక్కనే ఉన్న వెండి పూత పట్టీకి అదే 95 కిలో ఓమ్‌లు! అగ్గిపుల్లతో కాలిని నొక్కితే అంకె ఒక్కసారిగా 2 ఓమ్‌లకు పడిపోయింది. దొంగ దొరికాడు.

రివిట్టు కింద ఇనుప దిమ్మ పెట్టి, మొన అరగదీసిన మేకుతో మూడు చిన్న దెబ్బలు వేశాను. 6 ఓమ్‌లు వచ్చింది. నిన్న రాత్రి గెలుపు అదే. ఈ రోజు గంటన్నర పాడాక ఎడమ వైపర్ దగ్గర 120 మిల్లీవోల్టులే. పాట్‌లోని హైలం (గట్టి రెజిన్ అట్ట) పలకా ఇత్తడి రివిట్టూ వేడికి ఒకే తీరుగా వ్యాకోచించవు కదా, ఆ సందులో పట్టు వదులవుతోందని నా ఊహ. టంకం పెడదామంటే ఆ వేడికి పూతే లేచిపోతుంది.

వచ్చే వారం హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరికే గుజరాతీ గల్లీకి వెళ్తాను. ఆల్ప్స్ కంపెనీ ఎంఎన్ పాట్ దొరికితే అదే వేస్తాను, దాని తిరుగుడులోని నునుపు మరొకదానికి రాదు. మామూలు లీనియర్ పాట్ మాత్రం ముట్టను, మధ్యలోనే రెండు ఛానెళ్లూ 6 డెసిబెళ్లు, అంటే సగం వోల్టేజికి, తగ్గిపోతాయి. అయితే కొత్తది వేసే ముందు అసలు పాట్‌నే బతికించి చూడాలన్నది నా కోరిక కాబట్టి వెండి వాహక పెయింటు సీసా కూడా తెస్తాను, రివిట్టు అంచు చుట్టూ ఒక చుక్క చాలు.