ప్రొటీన్లను, పిండిపదార్థాలను విడదీసి తింటే బరువు ఎందుకు తగ్గుతుంది?

బరువు తగ్గడానికి చెప్పే పద్ధతుల్లో, ఒక పూట ప్రొటీన్లు, మరో పూట పిండిపదార్థాలు తినాలే తప్ప రెండింటినీ ఒకే పూట కలపకూడదన్న నియమం మిగతావాటి కంటే నన్ను ఎక్కువగా ఆకర్షించింది. కొలతలు అక్కర్లేదు, లెక్కలు అక్కర్లేదు, ఫలానాది జన్మలో ముట్టకూడదన్న నిషేధమూ లేదు. కొంతకాలం దాన్ని పాటించాను, తూకమూ తగ్గింది. అందువల్ల ఈ పద్ధతి పనిచేయదని నేను అనబోవడం లేదు. అది పనిచేయడానికి దాన్ని ప్రచారం చేసేవారు చెప్పే కారణం మాత్రం శరీరధర్మానికి సరిపడదు. అసలు కారణం వేరే ఉంది. అదేమిటో తెలిస్తే ఈ నియమంలో ఏది ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

నియమం స్థూలంగా ఇలా ఉంటుంది. మాంసం, చేపలు, గుడ్లు, చీజ్ ఒక జట్టు. రొట్టె, అన్నం, బంగాళదుంపలు, చక్కెర రెండో జట్టు. ఆకుకూరలు, పిండి తక్కువగా ఉండే కూరగాయలు తటస్థమైనవి కాబట్టి ఏ జట్టుతోనైనా తినవచ్చు. ఒక జట్టు భోజనానికీ రెండో జట్టు భోజనానికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. పళ్ల విషయంలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు.

ఈ ఆలోచనకు ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో ప్రాచుర్యం కల్పించినవాడు విలియం హోవర్డ్ హే అనే అమెరికన్ వైద్యుడు. ఆయన 1866లో పుట్టి 1940లో మరణించాడు. తనకే మూత్రపిండాల జబ్బు వచ్చినప్పుడు తిండి మార్చుకొని కోలుకున్నానని ఆయన చెప్పుకున్నాడు. ప్రొటీన్లు అరగడానికి ఆమ్లం కావాలి, పిండిపదార్థాలు అరగడానికి క్షారం కావాలి, రెండూ ఒకేసారి కడుపులో పడితే ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి రద్దు చేసుకొని ఏదీ సరిగా అరగదు, అరగనిది కుళ్లి శరీరంలో ఆమ్లాన్ని పెంచుతుంది అన్నది ఆయన వాదన. వినడానికి ఇది చాలా తర్కబద్ధంగా ఉంటుంది. బడిలో చదువుకున్న రసాయనశాస్త్రం కొంచెం గుర్తున్నవారికైతే మరీ నమ్మదగినదిగా కనిపిస్తుంది. బహుశా అందుకేనేమో, పేర్లు మారుతున్నా ఈ వాదన మాత్రం నూరేళ్లుగా చెక్కుచెదరకుండా నడుస్తోంది.

అయితే మన జీర్ణవ్యవస్థ ఒకే పాత్రలో జరిగే ప్రయోగం కాదు. పిండిపదార్థాల జీర్ణక్రియ నోటిలోనే, లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైముతో మొదలవుతుంది. మింగిన ముద్ద కడుపులోకి చేరి, ఆమ్లంతో పూర్తిగా కలిసే వరకు ఆ ముద్ద లోపల ఆ పని కొంతసేపు సాగుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. కడుపులోని ఆమ్లం ప్రొటీన్ల మడతలు విప్పుతుంది, పెప్సిన్ అనే ఎంజైము వాటిని పెద్ద పెద్ద ముక్కలుగా కోస్తుంది. అక్కడితో కడుపు వంతు దాదాపు అయిపోయినట్లే. ప్రొటీన్లు అరిగేది కడుపులోనే అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది కానీ, నిజానికి ఆ పనిలో ఎక్కువ భాగం చిన్నపేగులో జరుగుతుంది. ఏదైనా జబ్బు వల్ల కడుపును శస్త్రచికిత్సతో పూర్తిగా తొలగించిన వారు కూడా ప్రొటీన్లను అరిగించుకోగలగడానికి కారణం ఇదే.

చిన్నపేగు మొదటి భాగంలోకి కడుపు తన సరుకును ఒక్కసారిగా కుమ్మరించదు, కొంచెం కొంచెంగా వదులుతుంది. ఆ ఆమ్లం పేగు గోడను తాకగానే సెక్రెటిన్ అనే హార్మోను రక్తంలోకి విడుదలై, క్లోమగ్రంథి చేత బైకార్బొనేట్ అనే క్షార పదార్థం నిండిన రసాన్ని స్రవింపజేస్తుంది. లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ సంగతిని 1902లోనే కనిపెట్టారు, అంటే హే తన సిద్ధాంతాన్ని ప్రచారంలో పెట్టడానికి ముందే. ఆ బైకార్బొనేట్ ఆమ్లాన్ని అక్కడికక్కడే విరిచేస్తుంది. అదే క్లోమరసంలో పిండిని విడగొట్టే అమైలేజ్, కొవ్వును విడగొట్టే లైపేజ్, ప్రొటీన్లను విడగొట్టే ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ అన్నీ కలిసే వస్తాయి. మనం ఈ పూట ఏ జట్టు తిన్నామో చూసి క్లోమగ్రంథి ఒక ఎంజైమును మాత్రమే పంపదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ట్రిప్సిన్ బాగా పనిచేసేది ఆమ్లంలో కాదు, స్వల్ప క్షార మాధ్యమంలో. అంటే ప్రొటీన్ల జీర్ణక్రియలో ప్రధాన ఘట్టమూ, పిండిపదార్థాల జీర్ణక్రియలో ప్రధాన ఘట్టమూ ఒకే చోట, ఒకే రకమైన వాతావరణంలో, ఒకే సమయంలో జరుగుతాయి. ఆమ్లానికీ క్షారానికీ మధ్య ఉందంటున్న తగవు జరగడానికి అసలు చోటే లేదు. పేగు గోడ కణాలు కూడా ఒకవైపు గ్లూకోజును, మరోవైపు ప్రొటీన్లు విడిపోగా వచ్చే అమైనో ఆమ్లాలను, చిన్న పెప్టైడులను వేర్వేరు ద్వారాల గుండా ఏకకాలంలోనే లోపలికి తీసుకుంటాయి. ఇక తిన్నదాని వల్ల శరీరమంతా ఆమ్లమయమైపోతుందన్న మాటకొస్తే, రక్తంలో ఆమ్ల, క్షార స్థాయిని తెలిపే పీహెచ్ విలువను ఊపిరితిత్తులు, మూత్రపిండాలు 7.35కూ 7.45కూ మధ్యనే పట్టి ఉంచుతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఒక పూట భోజనం దాన్ని కదిలించలేదు.

సిద్ధాంతం సంగతి అలా ఉంచి, ఆచరణలో నాకు మొదట ఎదురైన చిక్కు వేరు. పిండిపదార్థాల పూట తినడానికని తెచ్చిన బ్రెడ్ పొట్లం వెనక పోషకాల పట్టికను చదివాను. నూరు గ్రాములకు దాదాపు 50 గ్రాముల పిండిపదార్థాలు ఉన్నాయి, నిజమే. కానీ వాటి కింది వరుసలోనే 8 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉన్నట్లు రాసి ఉంది. గోధుమలో ఉన్న ప్రొటీనే పిండి సాగడానికి, రొట్టె పొంగి నిలబడడానికి కారణం. దాన్ని విడదీస్తే రొట్టే ఉండదు. పప్పుధాన్యాల పరిస్థితి ఇంకా విచిత్రం. ఎండు పప్పులో నాలుగో వంతు ప్రొటీన్, సగానికి పైగా పిండిపదార్థాలు ఉంటాయి. దాన్ని ఏ జట్టులో వేయాలన్న ప్రశ్నకు ఈ పద్ధతిని బోధించే జాబితాలు తలో జవాబు చెబుతాయి. కొన్ని వాటిని అసలు తినవద్దనే అంటాయి. పాలలో నూరు మిల్లీలీటర్లకు 3 గ్రాములకు పైగా ప్రొటీన్, దాదాపు 5 గ్రాముల లాక్టోజ్ అనే పాల చక్కెర కలిసే ఉంటాయి. తల్లిపాలలోనూ రెండూ కలిసే ఉంటాయి, శిశువు తొలి ఆరు నెలలు వాటితోనే పెరుగుతుంది. రెండూ కలిస్తే అరగవన్న మాటకు ఇంతకంటే గట్టి జవాబు నాకు తోచలేదు.

సరే, అరుగుదల సంగతి పక్కన పెడదాం. విడదీసి తింటే బరువైనా ఎక్కువగా తగ్గుతుందా? దీన్ని నేరుగా పరీక్షించిన అధ్యయనం ఒకటి 2000లో స్విట్జర్లాండ్ నుంచి వెలువడింది. స్థూలకాయంతో ఉన్న 54 మందిని రెండు బృందాలుగా చేసి, ఆసుపత్రిలోనే ఉంచి, ఆరు వారాల పాటు రెండు బృందాలకూ రోజుకు దాదాపు 1100 కేలరీల ఆహారమే ఇచ్చారు. ఒక బృందానికి విడదీసిన భోజనం, మరో బృందానికి మామూలుగా కలిపిన సమతుల భోజనం. విడదీసి తిన్నవారు సగటున 6.2 కిలోలు, కలిపి తిన్నవారు 7.5 కిలోలు తగ్గారు. గణాంకశాస్త్రం ప్రకారం ఆ తేడా చెప్పుకోదగ్గది కాదు. విడదీసినవారికి అదనపు లాభం ఏమీ కలగలేదన్నది మాత్రం స్పష్టం. కేలరీలు సమానంగా ఉన్నప్పుడు విడదీయడం వల్ల ఒరిగింది లేదు. ఆరు వారాలన్నది చిన్న వ్యవధే, నిజమే. కానీ ఈ పద్ధతిని ప్రచారం చేసేవారు ఫలితం కనిపిస్తుందని చెప్పే గడువూ దాదాపు అంతే కదా.

మరి ఇళ్లల్లో దీన్ని పాటించినవారు తగ్గుతున్న మాట అబద్ధమా? కాదు. ఇక్కడే నియమంలోని చమత్కారం ఉంది. మామూలుగా నేను తినే ఒక శాండ్‌విచ్‌ను తీసుకుందాం. రెండు బ్రెడ్ ముక్కలు, రెండు గుడ్లు, ఒక చీజ్ ముక్క, ఒక చెంచాడు వెన్న. అన్నీ కలిపి సుమారు 420 కేలరీలు. నియమం ప్రకారమైతే గుడ్లూ చీజ్ కూరగాయలతో తినాలి, అది 250కి అటూ ఇటూ. లేదా బ్రెడ్డూ వెన్నా కూరగాయలతో తినాలి, అది ఇంకొంచెం తక్కువే. ఎవరూ ఏమీ లెక్కపెట్టకుండానే పళ్లెంలో సగానికి దగ్గరగా కోత పడిపోయింది. ఖాళీ అయిన చోటును కూరగాయలు నింపాయి. కడుపు నిండినట్లే ఉంటుంది, కేలరీలు మాత్రం తగ్గుతాయి.

అంతకంటే పెద్ద కోత ఇంకో చోట పడుతుంది. మనిషిని అతిగా తినిపించే పదార్థాలను ఒక్కసారి తలచుకోండి. కేకులో మైదా, చక్కెర, గుడ్లు, పాలు ఉంటాయి. పిజ్జాలో రొట్టె మీద చీజ్. బర్గర్‌లో బన్ను మధ్య మాంసం. ఐస్‌క్రీమ్‌లో పాలూ చక్కెరా. ఇవన్నీ రెండు జట్లనూ కలిపినవే కాబట్టి, వాటి పేరైనా ఎత్తకుండా ఆ ఒక్క నియమం అన్నింటినీ ఒకేసారి ఇంట్లోంచి పంపించేస్తుంది. ఇక నాలుగు గంటల ఎడం ఉందే, అది భోజనాల మధ్య చిరుతిళ్లకు తలుపు మూస్తుంది. నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఆ ఎడమే. సాయంత్రం ఒక బిస్కెట్టు తినాలంటే, మధ్యాహ్నం ఏ జట్టు తిన్నానో, రాత్రికి ఏ జట్టు అనుకున్నానో లెక్క వేసుకోవాల్సి వచ్చేది. ఆ లెక్క తేలేలోపు బిస్కెట్టు మీద మోజు పోయేది.

మొదటి వారంలో కనిపించే తగ్గుదల గురించి కూడా ఒక మాట చెప్పాలి. కాలేయంలోనూ కండరాలలోనూ గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉండే పిండిపదార్థం ఒక్కో గ్రాముకు దాదాపు 3 గ్రాముల నీటిని తనతో పట్టి ఉంచుతుంది. తిండి తగ్గినప్పుడు, ముఖ్యంగా పిండిపదార్థాలు తగ్గినప్పుడు ఆ నిలవలు కరుగుతాయి, వాటితో నీరూ పోతుంది. తూకంలో కిలో, కిలోన్నర తగ్గడం చూసి కొవ్వే కరిగిందనుకోవడం సహజం. మళ్లీ మామూలుగా తినగానే ఆ బరువు రెండు రోజుల్లో తిరిగొస్తుంది. పద్ధతి విఫలమైందని అప్పుడు కుంగిపోవడమూ అంతే అనవసరం.

విడదీయడం వల్ల లాభం లేకపోయినా నష్టమేమీ లేదు కదా అనుకునేవారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. పిండిపదార్థాలను ప్రొటీన్ తోడు లేకుండా తింటే అవి కడుపులోంచి త్వరగా పేగులోకి దిగుతాయి, రక్తంలో చక్కెర త్వరగా పెరుగుతుంది. ప్రొటీన్, కొవ్వు, పీచు తోడుంటే ఆ వేగం తగ్గుతుంది. టైప్ 2 మధుమేహం ఉన్నవారిపై జరిగిన కొన్ని పరిశోధనల్లో, ఒకే భోజనంలో కూరగాయలు, ప్రొటీన్ ముందు తిని పిండిపదార్థాలను చివర తిన్నప్పుడు, భోజనం తర్వాత చక్కెర పెరుగుదల గణనీయంగా తగ్గింది. అంటే ఉపయోగపడింది పదార్థాలను పూటల వారీగా విడదీయడం కాదు, ఒకే పూటలో వరుస మార్చడం.

ఆకలి విషయంలోనూ అంతే. ప్రొటీన్ కడుపు నిండిన భావాన్ని ఎక్కువసేపు నిలుపుతుంది, పైగా అందులోని శక్తిలో 20 నుంచి 30 శాతం దాన్ని అరిగించి వాడుకోవడానికే ఖర్చవుతుంది. పిండిపదార్థాలకు అయ్యే ఖర్చు 5 నుంచి 10 శాతం. ఉదయమంతా వట్టి రొట్టె, పళ్లతో గడిపిన రోజుల్లో నాకు మధ్యాహ్నానికి ముందే ఆకలి కరకరలాడేది. బరువు తగ్గేటప్పుడు కండరం కరగకుండా ఉండాలంటే ప్రొటీన్‌ను రోజులో రెండు మూడు పూటలకు పంచుకోవడం మేలు. విడదీసే పద్ధతిలో అది చాలాసార్లు ఒక్క పూటకే పరిమితమైపోతుంది. శాకాహారులకు ఇబ్బంది ఇంకా ఎక్కువ. ధాన్యాలలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పప్పులు అందిస్తాయి, పప్పులలో తక్కువగా ఉండే మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని ధాన్యాలు అందిస్తాయి. ఆ రెండూ రోజు మొత్తంలో ఎప్పుడు తిన్నా సరిపోతుంది కానీ, పప్పులనే పక్కన పెట్టమనే జాబితాను నమ్ముకుంటే వారికి ప్రొటీన్ దారే మూసుకుపోతుంది.

అందుకే నేను నియమాన్ని సగం వదిలేశాను, సగం ఉంచుకున్నాను. భోజనాల మధ్య ఎడం అలాగే ఉంది. పళ్లెంలో సగం కూరగాయలు అలాగే ఉన్నాయి. గుడ్డుతో బ్రెడ్ తింటాను, కానీ రెండు ముక్కలకు బదులు ఒకటి, అదీ గుడ్డూ కూరగాయలూ తిన్న తర్వాత. తూకం తగ్గే వేగంలో నాకు తేడా ఏమీ కనిపించలేదు, పప్పులు మాత్రం తిరిగి పళ్లెంలోకి వచ్చాయి.

మామూలు ఆరోగ్యం ఉన్నవారు ఈ పద్ధతిని యథాతథంగా కొన్ని వారాలు ప్రయత్నించినా పెద్ద ప్రమాదం ఉండదు. మధుమేహానికి ఇన్సులిన్ గానీ, సల్ఫొనైల్‌యూరియా రకం మాత్రలు గానీ వాడుతున్నవారి సంగతి వేరు. వారు మామూలు మోతాదు మందు వేసుకొని, ఆ పూట పిండిపదార్థాలు లేని భోజనం చేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఒకే పూట ప్రొటీన్‌ను ఎక్కువగా తీసుకోవడం గురించి, గర్భిణులు అసలు బరువు తగ్గే ప్రయత్నం చేయడం గురించి ముందుగా తమ వైద్యుణ్ణి అడగాలి. మందు మోతాదు మార్చాల్సి వస్తే అది తిండి మార్చక ముందే జరగాలి.