క్వాల్స్‌కి ముందు హ్యాండ్‌బుక్ చదవండి: నా మ్యాథ్స్ పీహెచ్‌డీ పరీక్షల అనుభవం

అమెరికాలో మ్యాథ్స్ పీహెచ్‌డీలో చేరి, వచ్చే ఆగస్టులో క్వాలిఫయింగ్ పరీక్షలు (క్వాల్స్, అంటే పీహెచ్‌డీలో కొనసాగడానికి పాసవ్వాల్సినవి) రాయబోతున్న మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చేసి, సీఎస్ఐఆర్ నెట్ (లెక్చరర్ ఉద్యోగానికి, రీసెర్చ్ ఫెలోషిప్‌కి ఇండియాలో పెట్టే అర్హత పరీక్ష) రాసి, తర్వాత ఇక్కడి ఒక స్టేట్ యూనివర్సిటీకి వచ్చాను. ఆల్జీబ్రా మొదటిసారే పాసయ్యాను, రియల్ అనాలిసిస్ ఫెయిలయ్యాను. రెండో ప్రయత్నంలో అది కూడా గట్టెక్కాక, మూడో ఏడాది చివర్లో ప్రొఫెసర్ల ముందు నోటితో జవాబులు చెప్పే ఓరల్ కాంప్రహెన్సివ్ పరీక్ష కూడా దాటాను.

ముందుగా నేను చేసిన పెద్ద పొరపాటు చెప్తాను. చేరిన కొత్తలో డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇచ్చిన గ్రాడ్యుయేట్ హ్యాండ్‌బుక్‌ని తెరిచి, ఫీజులు, సెలవులు చూసుకుని మూసేశాను. పరీక్షల నియమాలు రెండే పేజీలు. అవి చదివి ఉంటే, చేరిన ఆగస్టులోనే రాసే మొదటి ప్రయత్నాన్ని లెక్కలోకి తీసుకోరని తెలిసేది. పాసైతే పాసైనట్టే, పోతే రికార్డులోకి ఎక్కదు. ఇండియా నుంచి వచ్చి పది రోజులు కూడా కాలేదు, ఇల్లు వెతుక్కుంటున్నాం, ఇప్పుడు రాసి ఫెయిలైతే ఒక ఛాన్స్ పోతుందని భయపడి రాయలేదు. నాతో పాటు చేరిన నలుగురు రాశారు, ఒకరు ఆల్జీబ్రా పాసయ్యారు కూడా.

ఒక్కో డిపార్ట్‌మెంట్ నియమాలు ఒక్కోలా ఉంటాయి. మా దగ్గర ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్ రెండు పేపర్లు, ఒక్కోటి మూడు గంటలు. ఆగస్టులో, జనవరిలో పెడతారు. నాలుగో సెమిస్టర్ ముగిసేలోగా రెండూ పాసవ్వాలి, ఒక్కో పేపర్‌కి రెండు ప్రయత్నాలే. రెండోసారి కూడా పోతే మాస్టర్స్ డిగ్రీ తీసుకుని బయటికి రావాలి. కాబట్టి మీ హ్యాండ్‌బుక్‌లో కొన్ని విషయాలు వెతకండి. గడువు ఎప్పటి నుంచి లెక్క? పేరు ఇచ్చి పరీక్షకి రాకపోతే అది ఒక ప్రయత్నం కిందకి వస్తుందా? ఆరోగ్యం బాగోక సెమిస్టర్ సెలవు పెడితే గడువు ఆగుతుందా, దానికి ముందే అర్జీ పెట్టాలా? కోర్సులో మంచి గ్రేడ్ వస్తే ఆ పేపర్ మినహాయిస్తారా? ఏది అర్థం కాకపోయినా గ్రాడ్యుయేట్ డైరెక్టర్‌కి (డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ప్రొఫెసర్) ఈమెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకోండి. సీనియర్లు చెప్పింది వాళ్లు చేరిన ఏడాది నియమం అయ్యుండొచ్చు.

ఇక పరీక్ష సంగతి. రెండో ఏడాది ఆగస్టులో రియల్ అనాలిసిస్ పేపర్‌లో ఎనిమిది ప్రశ్నలు వచ్చాయి. ఎనిమిదీ రాశాను. హాల్లోంచి బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి బాగా రాశానమ్మా అని చెప్పాను. రెండు వారాలకి ఫెయిల్ అని ఉత్తరం వచ్చింది. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మరుసటి వారం డైరెక్టర్ దగ్గరికి వెళ్లి నా పేపర్ చూపించమని అడిగాను. చూపించారు. ఎనిమిదిలో పూర్తిగా ఉన్నవి రెండే. మిగతా ఆరూ సగంలోనో, ముప్పావులోనో ఆగిపోయాయి. ప్రశ్నపత్రం మొదటి పేజీలోనే రాసి ఉంది, సగం సగం రాసిన రెండు జవాబుల కంటే పూర్తి చేసిన ఒక్క జవాబుకే ఎక్కువ విలువ అని. అది చదివాను, కానీ పట్టించుకోలేదు.

ఒక ప్రశ్నలో లిమిట్‌ని ఇంటిగ్రల్ లోపలికి తీసుకెళ్లాలి. నేను 'డామినేటెడ్ కన్వర్జెన్స్ వల్ల' అని ఒక్క ముక్క రాసి తర్వాతి లైన్‌కి వెళ్లిపోయాను. పక్కన మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో 'ఏ ఫంక్షన్?' అని ఉంది. నిజమే, పైనుంచి అదుపు చేసే ఇంటిగ్రబుల్ (ఇంటిగ్రల్ అనంతం కాని) ఫంక్షన్ ఏదో చూపించకుండా ఆ సిద్ధాంతం వాడకూడదు. అలాంటి ఫంక్షన్ లేకపోతే ఏమవుతుందో చూడండి: సున్నాకీ 1/ఎన్‌కీ మధ్య ఎన్ విలువ, మిగతా అంతటా సున్నా ఉండే ఫంక్షన్‌ని తీసుకోండి. ఎన్ ఎంత పెరిగినా దాని ఇంటిగ్రల్ విలువ 1. లిమిట్ ఫంక్షన్ మాత్రం సున్నా, దాని ఇంటిగ్రల్ కూడా సున్నా. ఈ ఉదాహరణ నాకు ఎమ్మెస్సీ నుంచీ తెలుసు. నెట్ పరీక్షలో దీంతోనే ఎన్నో తప్పు ఆప్షన్లు కొట్టేశాను. తెలిసి కూడా రాయలేదు.

మా డిపార్ట్‌మెంట్‌లో ఐదో ఏడాది చదువుతున్న వరంగల్ అక్క ఒకరు ఉండేవారు. నా పేపర్ సంగతంతా విని, 'నువ్వింకా నెట్ రాస్తున్నట్టే రాస్తున్నవ్ చెల్లె' అన్నారు. ఆ మాట నా మనసుకి బాగా పట్టింది. నెట్ మ్యాథ్స్‌లో పార్ట్ సీ ప్రశ్నకి (ఒకటి కంటే ఎక్కువ ఆప్షన్లు సరైనవి కావొచ్చు) 4.75 మార్కులు. సరైన ఆప్షన్లన్నీ గుర్తిస్తే చాలు, ఎలా తెలిసిందో ఎవరూ అడగరు. మూడు గంటల్లో అరవై ప్రశ్నలకి జవాబు గుర్తించాలి కాబట్టి వేగమే మన బలం అనుకుంటాం. ఇక్కడ నువ్వు ప్రతి అడుగుకీ కారణం చెప్పగలవా లేదా అన్నదే చూస్తారు. పక్కవాడికి ఎన్ని మార్కులొచ్చాయో నీకు సంబంధం లేదు, ర్యాంకు లేదు, కటాఫ్ కోసం పోటీ లేదు. అందరూ పాసవ్వొచ్చు.

ఆ సెప్టెంబర్ నుంచి చదివే పద్ధతి మార్చేశాను. డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఉన్న పాత పేపర్లలో పదేళ్లవి తీసుకున్నాను. రోజుకి రెండు ప్రశ్నలే, కానీ పూర్తిగా, శుభ్రంగా, పరీక్షలో రాసినట్టు. ఆదివారం అక్క వాటిలో ఒకటి తీసుకుని లైను లైనుకీ 'ఎందుకు?' అని అడిగేవారు. ఫుబిని సిద్ధాంతం (ఇంటిగ్రల్స్ వరస మార్చుకోనిచ్చేది) వాడావు, ఇంటిగ్రబుల్ అని ఎక్కడ చూపించావు? ఈ సెట్ మెజరబుల్ (కొలవదగినది) అని ఎవరు చెప్పారు? మొదట్లో చిరాకేసేది. నవంబర్ నాటికి ఆ ప్రశ్నలు రాస్తున్నప్పుడే నాకు వినపడేవి.

ఆల్జీబ్రా మొదటిసారే ఎందుకు పాసయ్యానో కూడా అప్పుడే అర్థమైంది. ఒక గ్రూపులో కొన్ని రకాల సబ్‌గ్రూపులు ఎన్ని ఉండొచ్చో చెప్పే సైలో సిద్ధాంతాల ప్రశ్నల్లో లెక్క దానంతట అదే పూర్తిగా బయటపడుతుంది. ఉదాహరణకి 30 మూలకాల గ్రూపు సింపుల్ కాదని, అంటే దాన్ని ఇంకా చిన్న గ్రూపులుగా విడదీయొచ్చని చూపించాలి. సింపుల్ అయితే ఐదుకి సంబంధించిన సైలో సబ్‌గ్రూపులు ఆరు, మూడుకి సంబంధించినవి పది ఉండాలి. అప్పుడు ఆర్డర్ ఐదు ఉన్న మూలకాలే 24, ఆర్డర్ మూడు ఉన్నవి 20, మొత్తం 44. గ్రూపులో ఉన్నవే 30. అక్కడితో ప్రూఫ్ అయిపోయింది, దాచడానికి ఖాళీ లేదు.

మళ్లీ ఫెయిలైతే ఇక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చో తెలియక ఆ నాలుగు నెలలు వీసా టెన్షన్ కూడా ఉండేది. రాత్రిళ్లు గూగుల్‌లో వెతకడం ఆపి, ఇంటర్నేషనల్ ఆఫీస్‌కి వెళ్లి నేరుగా అడిగాను. అప్పటి నిబంధన ప్రకారం ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లు డిగ్రీ పూర్తి చేస్తే దేశం వదిలి వెళ్లడానికి 60 రోజుల గడువు ఉంటుంది. మధ్యలో అనుమతితో మానేస్తే 15 రోజులే. అంటే ఒకవేళ మాస్టర్స్‌తో వెళ్లాల్సి వచ్చినా, ఆ డిగ్రీని సరిగ్గా పూర్తి చేసి వెళ్లడం ముఖ్యం. ఈ విషయం తెలిశాకే నాకు నిద్ర పట్టింది. మీరూ దీన్ని భయంతో వాయిదా వేయకండి, పరీక్షకి ముందే అడగండి, ఆ రోజుకి ఉన్న నిబంధన వాళ్లే చెప్తారు.

జనవరి పేపర్‌లో ఎనిమిదిలో ఐదే రాశాను. ఆరోది మొదలుపెట్టాలనిపించింది, పెట్టలేదు. ఆ అరగంట మొదటి ఐదూ మళ్లీ చదివి, రెండు చోట్ల వదిలేసిన కారణాలు రాశాను. పాసయ్యాను.

ఓరల్ గురించి కాస్త. నలుగురు ప్రొఫెసర్ల కమిటీ, రెండు గంటలు, బోర్డు, చాక్‌పీస్. కమిటీ ఫారం మూడు వారాల ముందే గ్రాడ్యుయేట్ స్కూల్‌కి చేరాలి, ఒక సభ్యుడు వేరే డిపార్ట్‌మెంట్ వారై ఉండాలి, ఆ సెమిస్టర్ రిజిస్టర్ అయి ఉండాలి. అందరికీ కుదిరే తేదీ దొరకడానికే నాకు నెల పట్టింది, ముందుగా మొదలుపెట్టండి. మొదటి ప్రశ్న సెల్ఫ్ అడ్జాయింట్ (సిమెట్రిక్ మ్యాట్రిక్స్ లాంటి) కాంపాక్ట్ ఆపరేటర్ల స్పెక్ట్రల్ సిద్ధాంతం, అంటే వాటిని ఐగెన్ విలువలతో వర్ణించేది. చెప్పాను. వెంటనే ఒకాయన, సెల్ఫ్ అడ్జాయింట్ అనే షరతు తీసేస్తే ఏమవుతుంది అన్నారు. అప్పుడు నెట్ చదువు అక్కరకొచ్చింది. షరతు తీసేస్తే ఎక్కడ విరుగుతుందో ఉదాహరణ వెతకడం నాకు అలవాటే కదా. వోల్టెరా ఆపరేటర్ రాశాను, సున్నా నుంచి ఎక్స్ వరకు ఇంటిగ్రల్ తీసుకునేది. అది కాంపాక్టే, కానీ ఒక్క ఐగెన్ విలువ కూడా లేదు. ఎందుకు లేదో కూడా అడిగారు, ఈసారి ప్రతి అడుగుకీ కారణం చెప్పాను. ఆ తర్వాతి ప్రశ్నకి జవాబు తెలియలేదు. 'నాకు తెలియదు, ముందు మ్యాట్రిక్స్‌లకి ఏమవుతుందో చూస్తాను' అన్నాను. ఆయన తల ఊపి, చూడు అన్నారు. పదిహేను నిమిషాలు నేనూ ఆయనా కలిసి ఆ బోర్డు మీదే దాన్ని సాధించాం.