డెక్కు మింగిన సిరిమాను

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్న ఇడ్లీలు తిని నాన్న హాల్లోకి వెళ్లాడు. రెండు నిమిషాలకే "అమ్మడూ, ఓసారి ఇలా రా" అని పిలిచాడు. గొంతు వింటేనే ఏదో అయిందని తెలిసిపోయింది. వెళ్లి చూస్తే డెక్కులో, అదే మా వీసీఆర్‌లో, కటకటమని చప్పుడు, టీవీ తెరంతా నీలం. బటన్ నొక్కితే క్యాసెట్టు సగం బయటికి వచ్చి ఆగింది. దాని వెనకే గోధుమరంగు టేపు మెలికలు తిరిగి వేలాడుతోంది.

అందులో ఉన్నది 2004 సిరిమాను. చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను అది.

నాన్న మునిసిపాలిటీలో పనిచేశాడు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ పండగకి విజయనగరం మొత్తం రోడ్ల మీదే ఉంటుంది. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంటే జనం మేడల మీద, అరుగుల మీద, గోడల మీద నిలబడి చూస్తారు. నాన్నకి మాత్రం ఆ రోజు డ్యూటీ. మంచినీళ్ల ట్యాంకర్లు, వీధి దీపాలు, చెత్త బళ్లు. ఇదే ఊళ్లో పుట్టి, ఇదే ఊళ్లో ఉండి, ఏళ్ల తరబడి సిరిమాను చూడలేకపోయాడు. వీసీఆర్ కొన్నది అందుకే. అప్పట్లో పెళ్లిళ్లకీ పేరంటాలకీ వీసీపీలు అద్దెకి తెచ్చుకునేవాళ్లే అందరూ. వీసీపీ క్యాసెట్టు చూపిస్తుందంతే. నాన్నకి రికార్డు చేసేది కావాలి, టైమర్ ఉన్నది కావాలి. పండగ రోజు పొద్దున్న ఖాళీ క్యాసెట్టు పెట్టి, మధ్యాహ్నానికి టైమర్ తిప్పి డ్యూటీకి వెళ్లిపోయేవాడు. లోకల్ కేబుల్ ఛానల్ లైవ్ ఇచ్చేది. రాత్రి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, కంచం ముందు పెట్టుకుని సిరిమాను చూసేవాడు. కోట దగ్గరికి మాను చేరగానే కంచం పక్కకి జరిపి దండం పెట్టుకునేవాడు.

2004 క్యాసెట్టు వేరు. రోడ్డు పక్క అరుగు మీద నానమ్మ ఉంది అందులో. కెమెరా జనం మీంచి తిరుగుతూ ఆవిడ దగ్గర కాస్త ఆగుతుంది. కొంగు నడుముకి దోపి, చెయ్యెత్తి సిరిమాను మీదకి అరటిపండు విసురుతుంది, విసిరి నవ్వుతుంది. ఏడు సెకన్లు, నేను లెక్కపెట్టాను. నానమ్మ 2009లో పోయింది. ఆవిడ కదులుతూ కనిపించేది ఆ ఒక్క చోటే. నాన్న ఆ క్యాసెట్టు అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలక ఆ రాత్రే విరిచేశాడు. అది విరిస్తే మళ్లీ దాని మీద ఏదీ రికార్డు అవదు.

డెక్కుకి కష్టకాలం మొదలైంది సెట్ టాప్ బాక్సుతోనే. అంతకుముందు కేబుల్ వైరు ముందు డెక్కులోకి వెళ్లేది, అక్కణ్నుంచి టీవీకి. ఛానల్ పట్టుకునే ట్యూనర్ డెక్కులోనే ఉండేది కాబట్టి టీవీ ఆపేసినా, అమ్మ ఇంకో ఛానల్లో సీరియల్ చూస్తున్నా దాని పని అది చేసుకుపోయేది. కేబుల్ టీవీని విడతలవారీగా డిజిటల్ చేస్తూ ఇంటింటికీ బాక్సు తప్పనిసరి చేశారు. మాలాంటి పట్టణాలన్నీ మూడో విడతలో ఉన్నాయి. గడువు పొడిగిస్తూ చివరికి 2017 జనవరి 31 అన్నారు. ఇంట్లో బాక్సు పెట్టిన వారమే నాన్న ఓ కచేరీకి టైమర్ పెట్టి పడుకున్నాడు. పొద్దున్న చూస్తే మూడు గంటల క్యాసెట్టు నిండా చుక్కలు, హోరు. డెక్కు పాడైపోయిందని రిక్షాలో పెట్టుకుని షాపుకి తీసుకెళ్లాడు. దానికేమీ కాలేదు. వైరులో వచ్చేదంతా డిజిటల్ అయిపోయింది, డెక్కుకి వచ్చిన భాష అనలాగ్ ఒక్కటే.

ఆ తర్వాత బాక్సు నుంచి పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు తీసి డెక్కు వెనక గుచ్చాం. రికార్డు అయ్యేది గానీ, బాక్సులో ఏ ఛానల్ ఉంటే అదే. టైముకి డెక్కు లేస్తుంది, బాక్సులో ఛానల్ మార్చడం దాని చేతుల్లో లేదు. అందుకని నాన్న ముందే ఛానల్ పెట్టి, ఎవరూ ముట్టకుండా రిమోట్ బీరువా మీద పెట్టేవాడు. అమ్మకి సీరియల్ పోయేది. ఇన్నేళ్లూ వాళ్లిద్దరికీ దీని మీదే గొడవ. అమ్మ తప్పూ లేదు, నాన్న తప్పూ లేదు.

ఇవాళ ఆ టేపు తీయడానికి ముప్పావుగంట పట్టింది. పై మూత విప్పి, గుండ్రటి హెడ్డు చుట్టూ చుట్టుకున్న టేపుని వేలితో కాకుండా చెంచా కాడతో మెల్లగా వదులు చేశాను. చేతి నూనె అంటితే బొమ్మ పోతుంది. క్యాసెట్టు అడుగున నడిమధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది. అందులో రీఫిల్ పెట్టి నొక్కితే లోపలి చక్రాలు తిరుగుతాయి. నాన్న రీఫిల్ నొక్కి పట్టుకుంటే నేను చక్రం తిప్పుతూ టేపంతా లోపలికి లాగాను. తెగలేదు. కానీ జానెడు మేర ముడతలు పడింది, నలిగిన జరీలాగా. "ఇది ఎక్కడి ముక్కో?" అన్నాడు నాన్న. మొదటి తిరుగుడో రెండోదో నాకెలా తెలుస్తుంది! నానమ్మ ఉన్నది రెండోదాంట్లో.

గంటస్తంభం దగ్గర సందులో ఉన్న మెకానిక్ దగ్గరికి డెక్కు తీసుకెళ్లాను. మూత తీసి చూసి, "రోలర్ అరిగిపోయింది, బెల్టు సాగిపోయిందమ్మా. ఇంక దీనికి ఏటీ దొరకదు" అన్నాడు. నాకు ముందే తెలుసు. వీసీఆర్‌లు చేస్తున్న ఆఖరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జులైలోనే ఆపేసింది. అయినా అడిగాను. డబ్బులు తీసుకోలేదాయన.

సాయంత్రం కేబుల్ అబ్బాయి కొత్త బాక్సు తెచ్చి పెట్టాడు. పెన్‌డ్రైవ్ గుచ్చితే రికార్డు అవుతుంది, టైమర్ కూడా ఉంది, ఛానల్ అదే మార్చుకుంటుంది. నాన్న శ్రద్ధగా విన్నాడు, రెండుసార్లు తనే పెట్టి చూసుకున్నాడు. ముఖం వెలిగింది. తర్వాత, "ఇది తీసుకెళ్లి మీ పెదనాన్న వాళ్లింట్లో పెడితే వస్తుందా?" అని అడిగాడు. రాదు. ఏ బాక్సులో రికార్డు చేస్తే ఆ బాక్సులోనే ఆడుతుంది. బాక్సు మారితే అది కూడా పోతుంది. ఈ మాట నాన్నకి చెప్పడం నాకు చాలా కష్టమనిపించింది. మా క్యాసెట్లు ఈ వీధిలో ఎన్ని ఇళ్లు తిరిగొచ్చాయో! పెదనాన్న వాళ్లింట్లో పదిరోజులు, ఎదురింటి మామ్మగారింట్లో నెల.

క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించే స్టూడియో ఒకటుందని మెకానిక్ చెప్పాడు. ఫోన్ చేశాను. టేపు ఎంతసేపుంటే అంతసేపూ ఆడిస్తూ ఎక్కించాలట. ముడత పడ్డ చోట బొమ్మ ఎలా వస్తుందో చూస్తే గానీ చెప్పలేమన్నారు. ఇచ్చి వెళ్తే వారంలో ఇస్తామన్నారు.

నాన్న ఇచ్చి రానన్నాడు. "మూడు గంటలే కదా, నేనక్కడే కూర్చుంటాను" అన్నాడు. రేపు నేను సెలవు పెట్టాను. సంచి అప్పుడే తలుపు దగ్గర పెట్టుకున్నాడు. తుండులో చుట్టిన క్యాసెట్టు, కళ్లజోడు, మంచినీళ్ల సీసా. ఇందాక వెళ్లి చూస్తే అమ్మ అందులో రెండు అరటిపళ్లు కూడా పెట్టింది.