ఇంటర్వ్యూలో పట్టుదల ఉన్నవాళ్లను ఎలా గుర్తుపట్టాను: నా అనుభవం

అనంతపురంలో మా చిన్నాయనకు డ్రిప్ (బిందు సేద్యం) సామాన్ల ఏజెన్సీ ఉంది. పొలాలకు వెళ్లి పనిచేసే ఫీల్డ్ అసిస్టెంట్లను ఎంపిక చేసే బాధ్యత ఈసారి నాకు అప్పగించాడు. మా వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, డ్రిప్పర్లు తరచూ పూడుకుపోతాయి. మండే ఎండల్లో చీనీ (బత్తాయి) తోటకు నీళ్లు ఆగితే రైతుకు ఎంత టెన్షనో చూసినవాళ్లకే తెలుసు. ఆ ఫోన్ రాగానే బండి తీసే మనిషి కావాలి.

"ఈ పని మీద ఆసక్తి ఉందా?" అని అడిగితే లేదనేవాళ్లు ఎవరుంటారు? అందుకే ముందు ఎండ, ఆదివారం ఫోన్లు, జీతం అన్నీ దాచకుండా చెప్పేశాను. ఆ తర్వాత అందరినీ ఒకటే అడిగాను: "గట్టిగా అనుకున్న పనికి అడ్డంకి వస్తే మీరేం చేశారో చెప్పండి."

జరిగేది తన చేతుల్లో ఉందని నమ్మేవాళ్లకూ, అదృష్టం చేతిలోనో ఇతరుల చేతిలోనో ఉందని నమ్మేవాళ్లకూ తేడాను కొలిచే ప్రశ్నలను అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జూలియన్ రాటర్ 1966లో ప్రచురించాడు. నేను వెతికింది ఆ తేడానే.

ఒక కుర్రాడు చక్కటి ఇంగ్లీషులో మాట్లాడాడు. కాలేజీ ప్రాజెక్టు ఆగిపోయిందట. ల్యాబ్ బాగాలేదు, సార్లు పట్టించుకోలేదు అన్నాడు. "తర్వాత ఏం చేశారు?" అంటే, "ఏం చేస్తాం మేడమ్" అన్నాడు. కష్టం నిజంగానే ఇతరుల వల్ల వచ్చి ఉండొచ్చు, ఆ మాట చెప్పడం తప్పు కాదు. అది చెప్పాక తను వేసిన అడుగు ఒక్కటైనా వినపడుతుందేమోనని ఇంకో రెండు రకాలుగా అడిగాను. వినపడలేదు.

కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన అమ్మాయికి గొంతే పెగల్లేదు. డిప్లొమా చివరి ఏడాదిలో ఊరికి బస్సు ఆగిపోయిందట. "పాల వ్యాన్ ఆయనతో నెలకింత అని మాట్లాడుకున్నాం, పరీక్షలేవీ పోలేదు" అంది. ఇలా "మేము" అన్నప్పుడు ఆగకూడదు. "మాట్లాడింది ఎవరు?" అన్నాను. "నేనే మేడమ్. ముందు ఒప్పుకోలేదు, వాళ్లింటికి పోయి అడిగినా."

పట్టుదల ఒక్కటే చాలదు కాబట్టి, పూడుకుపోయిన ఫిల్టర్ ఇచ్చి విప్పి కడగమన్నాను. పని చేయించి చూడటం, అందరినీ ఒకే తీరుగా ప్రశ్నించడం ఎంపికలో బాగా పనికొస్తాయని ష్మిత్, హంటర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 85 ఏళ్ల పరిశోధనలను కలిపి చూసి 1998లోనే చెప్పారు.

అంత బాగా మాట్లాడే కుర్రాడిని ఎందుకు వదిలేశావని చిన్నాయన అడిగాడు. ఇద్దరి జవాబులూ రాసుకున్న కాగితాలు ఆయన ముందు పెట్టాను. చదివి, కళ్యాణదుర్గం లైను ఆ అమ్మాయికే ఇవ్వమన్నాడు.