గిన్నె బోర్లించి చూడటం నేర్చుకున్నాను

లండన్‌కి వచ్చిన రెండో ఏడాది, ఒక ఆదివారం సంతలో నీలం-తెలుపు చైనా పింగాణీ గిన్నె కొన్నాను. 180 పౌండ్లు. అడుగున నీలంతో ఆరు చైనా అక్షరాలు: 'మహా మింగ్, చెంగ్‌హువా కాలంలో తయారైంది' అని. చెంగ్‌హువా అంటే మింగ్ వంశపు ఒక చక్రవర్తి కాలం, 1465 నుంచి 1487 దాకా. ఐదొందల ఏళ్ల నాటి గిన్నె మా ఇంట్లో! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పాత వస్తువులు చూసి చెప్పే ఒక పెద్దావిడ దగ్గరికి దాన్ని తువ్వాలులో చుట్టి పట్టుకెళ్లాను. ఆవిడ అక్షరాల వంక చూడనేలేదు. గిన్నె బోర్లించి, అడుగు అంచు మీద బొటనవేలు తిప్పి, "పంతొమ్మిదో శతాబ్దం చివరిది" అన్నారు.

పాత చక్రవర్తుల మీద గౌరవంతో వాళ్ల కాలం పేరు రాయడం చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌డెజెన్ ఊరి పనివాళ్లకి మామూలేనట. 1677లో, కాంగ్‌షీ చక్రవర్తి హయాంలో, ఆయన పేరు పింగాణీ మీద రాయొద్దని అక్కడి అధికారి ఆజ్ఞ వేశాడు. గిన్నె పగిలితే ఆ పేరుకి అమర్యాద కదా. దాంతో కొందరు చెంగ్‌హువా పేరు రాశారు, కొందరు వట్టి రెండు వలయాలు గీసి వదిలేశారు. అమ్మినతన్ని అడిగితే "అక్షరాలు అలా ఉన్నాయన్నాను గానీ మింగ్ అని నేననలేదే" అన్నాడు. చాలా బాధేసింది.

ఆ తర్వాత చాలా శనివారాలు బ్రిటిష్ మ్యూజియం 95వ గదిలోనే గడిపాను. బొంబాయిలో పుట్టిన పెర్సివల్ డేవిడ్ సేకరించిన పింగాణీ అంతా అక్కడే ఉంది. 1351 నాటి తేదీ రాసి ఉన్న జాడీల జత ముందు ఎంతసేపు నిలబడ్డా తనివి తీరదు. కాకపోతే అన్నీ అద్దాల వెనకే.

చెయ్యి నేర్చుకున్నది వేలానికి ముందు సరుకు చూపించే రోజుల్లో. అడిగితే చేతికిస్తారు. ముందు ఉంగరాలు తీసెయ్యాలి, రెండు చేతులతో పట్టుకోవాలి. సంతలో కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తామే, అలాగే గోటితో మెల్లగా తట్టాలి. ఖంగుమంటే సరే, బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టే. తర్వాత అడుగు అంచు. అక్కడ గ్లేజు, అంటే గాజులాంటి పూత, ఉండదు; మట్టి బయటికి కనిపిస్తుంది. ఏళ్ల తరబడి వాడిన అంచు నున్నగా, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ అరిగి ఉంటుంది. పాతదిలా కనిపించాలని గరుకు కాగితంతో రుద్దిందైతే చుట్టూ ఒకేలా ఉంటుంది. ఈ తేడా వేలికి తెలియడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

నేను రెండోసారి కొన్నది చిన్న పళ్లెం. 1822లో మునిగిపోయిన టెక్ సింగ్ అనే చైనా ఓడలోది. ఆ ఓడలోంచి 1999లో సుమారు మూడున్నర లక్షల పింగాణీ వస్తువులు బయటికి తీశారు. దీని మీద ఏ చక్రవర్తి పేరూ లేదు. ఉప్పునీళ్లలో నాని ఒక పక్క మెరుపు పోయింది. అడుగు అంచు పక్కన, గ్లేజులో ముంచేటప్పుడు పట్టుకున్నవాళ్ల వేలిగుర్తులు రెండున్నాయి. నా వేళ్లు సరిగ్గా వాటిలో ఇముడుతాయి.